దిండులో ఇనుము

"కేకలేమీ వినపళ్ళేదు ఉజ్వలా. అదే నా భయం. కేకలు వినపడితే ఎటు పరిగెత్తాలో తెలుస్తుంది. చీకట్లో అంతమంది పిల్లలు ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటే ఆ నిశ్శబ్దం ఉంటుంది చూడు... నా గుండె చప్పుడు వాళ్ళకి వినపడుతుందేమోనని, ఇదిగో, ఇలా చెయ్యి అడ్డం పెట్టుకున్నాను."

కనకదుర్గ గోరుచిక్కుడుకాయలు తుంచడం ఆపి అరచేతిని గుండెలమీద నొక్కిపెట్టుకుంది.

"ఆగక్కా," అన్నాను. "నువ్వుండేది బడి కెఫెటీరియాలో కదా. క్లాసు గదిలో, చీకట్లో నీకేం పని?"

"దిండు కోసం బయల్దేరాను."

"ఏ దిండు?"

"మైత్రి దిండు." ఇంకో కాయ తీసుకుని, ఈనె లాగి, తుంచి పళ్ళెంలో వేసింది. "సరే, మొదట్నించీ చెప్తాను. మధ్యలో అడ్డం రాకు, మళ్ళీ దారి తప్పుతాను. ఊరికే కూర్చోకపోతే నువ్వూ రెండు కాయలు తుంచు."

నేనూ తుంచసాగాను.

ఈ కమ్మింగ్ ఊళ్ళో మాదీ వాళ్ళదీ ఒకటే సబ్‌డివిజన్, మన కాలనీలాంటిది. ఆ బడికి నేను అప్పుడప్పుడు, ఎవరైనా సెలవు పెడితే బదులుగా, సబ్‌స్టిట్యూట్ టీచర్‌గా వెళ్తుంటాను. కనకదుర్గ నాకు పరిచయమయింది అక్కడి కెఫెటీరియాలోనే. నెత్తిన వల టోపీ, చేతులకు గ్లోవ్స్, మెళ్ళో బ్యాడ్జి, నడుముకి స్టోర్‌రూం తాళాలు. ట్రేలు పట్టుకుని వరసలో వచ్చే పిల్లల్లో మనవాళ్ళు కనపడగానే గొంతు తగ్గించి "నాన్నా, అది బీఫ్, పక్కది తీసుకో" అనేది. మిగతా పిల్లలకి ఆవిడ మిస్ దుర్గ. మన పిల్లలకి మిస్ దుర్గ ఆంటీ.

వాళ్ళది నూజివీడు. పెళ్ళయి వచ్చాక ఉద్యోగం చెయ్యడానికి వీసా ఒప్పుకోక ఏళ్ళ తరబడి ఇంట్లోనే ఉంది. పర్మిట్ చేతికొచ్చాక "బీకాం చదివావుగా, ఎక్కడైనా అకౌంట్స్ చూడు" అని వాళ్ళాయన అంటే, "పిల్లలున్నచోట చేస్తాను" అని ఆ బడిలో చేరిందట. కొడుకు హర్షవర్ధన్ కాలేజీలో ఉన్నాడు. వాడి తర్వాత చాలా ఎడంగా పుట్టింది మైత్రి. అదే బడిలో మూడో తరగతి.

ఇప్పుడు ఆ వల టోపీ లేదు, బ్యాడ్జీ లేదు. ఎందుకు లేవో బడిలో ఎవరూ నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఈ మధ్యాహ్నం ఆవిడే ఫోన్ చేసి, "పిల్ల బస్సు వచ్చేలోపు ఒకసారి వచ్చి వెళ్ళు" అంది.

"పక్క కౌంటీలో ఆ బడిలో కాల్పులు జరిగాయి కదా, ఆ తర్వాత మా బళ్ళో డ్రిల్స్ ఎక్కువైనాయి," అంటూ మొదలుపెట్టింది. "లాక్‌డౌన్ డ్రిల్. నీకు తెలియందేముంది, తలుపులు బిగించి, లైట్లార్పి, మూలకి చేరి నోరు మూసుకుని కూర్చోవాలి. ఒకరోజు మైత్రి వచ్చి, 'అమ్మా, బాత్రూంలో ఉంటే ఏం చెయ్యాలో తెలుసా? టాయిలెట్ మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చోవాలి, కింద నుంచి కనపడకుండా' అంది. ఎంత మామూలుగా చెప్పిందనుకున్నావు! ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పింది. ఆ మర్నాటినుంచి బడిలో బాత్రూంకి వెళ్ళడం మానేసింది. బస్సు దిగి ఇంట్లోకి పరుగు. మంచినీళ్ళ సీసా నింపింది నింపినట్టే తిరిగొచ్చేది."

"టీచర్‌కి చెప్పావా?"

"చెప్పాను. కౌన్సెలర్‌కి రాసింది పాపం. లైన్లో చాలామంది ఉన్నారంది. అందరి పిల్లలూ అలాగే ఉన్నారు కాబోలు. తర్వాత జ్వరం పట్టుకుంది. డాక్టర్ చూసి ఏమీ లేదన్నాడు. నాకు తెలుసు అది ఏ జ్వరమో. జడుపు జ్వరం. నిద్రలో లేచి కూర్చుని 'లైట్స్ అవుట్, లైట్స్ అవుట్' అనేది."

దిష్టి తీసిందట. ఉప్పూ ఎండుమిరపకాయలూ మూడుసార్లు తిప్పి, ఇక్కడ పొయ్యిలో నిప్పులెక్కడివి, స్టవ్ మీద పెనంలో వేసింది. పొగ లేచి స్మోక్ అలారం మోగింది.

"నవ్వకు ఉజ్వలా. అలారం మోగగానే పిల్ల చప్పుడు లేకుండా వెళ్ళి మంచం కింద దూరింది. ఏడవలేదు. అరవలేదు. అట్లా దూరడం దానికి నేర్పారు కదా. ఎంత బతిమాలినా రాదే! వాళ్ళ నాన్న పొడుగాటి మనిషి, నేలమీద బోర్లా పడుకుని 'అమ్మ మిరపకాయలు మాడ్చింది నాన్నా, అంతే' అని చెప్తే, 'ఆల్ క్లియర్ చెప్పండి, అప్పుడే వస్తా' అంది లోపల్నించి."

దూరంగా ఎక్కడో సైరన్ మోగింది. కనకదుర్గ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఆ చప్పుడు హైవే వైపుకి మళ్ళి సన్నగిల్లాక గానీ తుంచలేదు.

"మా అమ్మయితే ఏం చేసేది? జడుసుకున్న పిల్ల తలకింద ఇనుము పెట్టేది. మీ ఇంట్లోనూ పెట్టే ఉంటారు. ఇల్లంతా వెతికాను ఉజ్వలా, ఇనుము లేదు. అట్లకాడ స్టీలు, చెంచాలు స్టీలు, మూకుడు నాన్‌స్టిక్. ఉన్నదల్లా దోసెల పెనం. దాన్ని దిండు కింద పెడితే పిల్ల మెడ పడుతుంది. ఆఖరికి మా నాన్న మడత చాకు గుర్తొచ్చింది. తోటల్లో మామిడికాయ కోసి రుచి చూసేవాడు దాంతో. ఇంతే ఉంటుంది, నా చిటికెనవేలంత. నల్లటి ఇనుము. నేను వచ్చేటప్పుడు పెట్టెలో పడేసుకొచ్చాను, ఎందుకో కూడా తెలీదు."

"దిండు కింద పెట్టావు."

"కింద పెడితే జారిపోతుందని, పిల్ల చేతికి తగులుతుందని, గలీబు లోపల చిన్న జేబు కుట్టాను. చాకు అందులో పెట్టి పైన కూడా కుట్టేశాను. మైత్రికి చూపించి చెప్పాను. 'ఇది నీ భయం కోసం. దీన్ని తియ్యకూడదు, తెరవకూడదు. మూసి ఉంటేనే పనిచేస్తుంది' అన్నాను. తెరిస్తే చెయ్యి కోసుకుంటుందని నా తెలివి. ఆ రోజునుంచి హాయిగా పడుకుంది. జ్వరం లేదు, పలవరింత లేదు. నువ్వు నమ్మినా నమ్మకపోయినా."

నేను ఇంకో కాయ తీసుకుని ఈనె లాగాను.

"తర్వాత నేనే మర్చిపోయాను. మర్చిపోయేంత బాగుపడింది పిల్ల."

కెఫెటీరియా పని తెల్లారకముందే మొదలవుతుంది. అందుకని మైత్రిని తయారుచేసి బస్సెక్కించేది వాళ్ళ నాన్న. దిండులో చాకు సంగతి ఆయనకి తెలీదు. ఆ రోజు బడిలో పజామా డే. పిల్లలంతా ఇంటి బట్టల్లో వచ్చి, దిండ్లు వేసుకుని, రోజంతా నేలమీద పడుకుని పుస్తకాలు చదువుకోవచ్చు. బ్రేక్‌ఫాస్ట్ ట్రేలు సర్దుతూ, యూనికార్న్ దిండ్లూ డైనోసార్ దిండ్లూ చంకన పెట్టుకుని వరండాలో నడుస్తున్న పిల్లల్ని చూసి కనకదుర్గ నవ్వుకుంటూ ఉందట.

"వాళ్ళ వెనకాల, నేను జేబు కుట్టిన పసుపుపచ్చ పువ్వుల గలీబు కనపడింది. మైత్రి నాకు చెయ్యూపి వెళ్ళిపోయింది. నా చేతిలో పట్టకారు ట్రేలో పడిపోయింది. పక్కనున్న డార్లీన్ 'హనీ, తెల్లబోయావేంటి' అంది."

డార్లీన్ అక్కడి మేనేజరు. ఈ ఊళ్ళోనే పుట్టిన మనిషి. ఆవిడ కబుర్లు కనకదుర్గ ఇదివరకు కూడా నాకు చెప్పేది. డార్లీన్ చదువుకునే రోజుల్లో జింకల వేట కాలం వస్తే హైస్కూలు మగపిల్లలు తుపాకుల్ని ట్రక్కుల్లో పెట్టుకునే బడికి వచ్చేవాళ్ళట. బడి వదలగానే అట్నించటే అడవికి. పెన్సిల్ చెక్కాలంటే టీచరే ఎవడో ఒకడి జేబులో చాకు అడిగి తీసుకునేదట. తర్వాత కాలం మారింది. ఎక్కడెక్కడో బళ్ళలో పిల్లలు పిల్లల్ని చంపారు. అప్పట్నించి జీరో టాలరెన్స్, అంటే ఏ ఆయుధం దొరికినా శిక్షే. అడగడం లేదు, వినడం లేదు. అప్పుడు డార్లీన్ వేరే బళ్ళో ఉండేది. అక్కడొక పిల్ల లంచ్ డబ్బాలో వాళ్ళమ్మ ఆపిల్‌తోపాటు చిన్న చాకు పెట్టింది. పిల్ల భయపడి తనంతట తానే తీసుకెళ్ళి పెద్దవాళ్ళ చేతికిచ్చింది. ఇచ్చినందుకు ఆ ఏడాదంతా బడినుంచి తీసేశారు.

"అదంతా మనసులో ఉంది కదా. డార్లీన్ చెవిలో చెప్పాను. ఆవిడ మొహం చూడాలి! వెనక్కి జరిగి, 'నువ్వు చెప్పింది నేను వినలేదు హనీ' అంది. మళ్ళీ దగ్గరికొచ్చి, 'విన్నానంటే నేను రిపోర్ట్ చెయ్యాలి. వెళ్ళు. తొందరగా వెళ్ళు' అంది. దేనికి వెళ్ళమందో చెప్పలేదు. దిండు తెచ్చి దాచెయ్యమనో, ఆఫీసుకెళ్ళి చెప్పమనో. ఆవిడకీ తెలిసుండదు."

హర్షవర్ధన్ సంగతి కూడా ఆ క్షణంలో గుర్తొచ్చిందట. వాడు నాలుగో తరగతిలో ఉన్నప్పుడు కల్చర్ డేకి హనుమంతుడి వేషం వేసింది. ఫోమ్‌తో చేసిన గద, పైన బంగారు రంగు కాగితం. ఆయుధాన్ని పోలిన వస్తువట. వాణ్ణి ఇంటికి పంపేశారు. తోకని మాత్రం వదిలేశారు.

"ఫోమ్ ముక్కకే వాణ్ణి పంపేస్తే, దీన్నేం చేస్తారు? అదీ కుట్టి దాచిన చాకు! నేను భద్రం కోసం కుట్టానని ఎవరు నమ్ముతారు? వీసా, గ్రీన్ కార్డ్ ఫైలు, పోలీసులు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. పిల్ల పేరు పక్కన 'వెపన్' అని పడితే అది జన్మంతా దాని వెంటే ఉంటుందేమోనని... వరండాలోకి వచ్చాను. ఆ క్లాసు వరండా చివర. సగం దూరం వెళ్ళానో లేదో స్పీకర్లో 'లాక్‌డౌన్, లాక్‌డౌన్' అని మొదలెట్టారు."

ఆవిడ పళ్ళెం పక్కకి జరిపింది.

"పక్క తలుపు తెరుచుకుని ఎవరో నా చెయ్యి పట్టి లోపలికి లాగారు. ఆర్ట్ రూం. టీచర్ తలుపు బిగించి లైట్లార్పేసింది. చిన్న పిల్లలు, ఫస్ట్ గ్రేడ్ అయ్యుంటారు, పజామాల్లో, దిండ్లతో మూలన కుప్పగా కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. నడుముకున్న తాళాలు గలగలమన్నాయి. ఆర్ట్ టీచర్ వచ్చి నా తాళాల గుత్తిని పిడికిట్లో బిగించి పట్టుకుంది. ఆ అమ్మాయి చెయ్యి చల్లగా ఉంది ఉజ్వలా. డ్రిల్ అయితే ఆ చెయ్యి అంత చల్లగా ఎందుకుంటుంది?"

"డ్రిల్ అని వాళ్ళకి ముందే చెప్తారు కదక్కా."

"ఒక్కోసారి చెప్పరు. నాకైతే ఎవరూ చెప్పలేదు. నాకేం అనిపించిందో చెప్పనా? నా చాకు దొరికింది అనుకున్నాను. దిండులో చాకు దొరికింది, అందుకే బడి మూసేశారు. మా మైత్రిని ఆ గదిలో ఒకపక్కన నిలబెట్టి ఉంటారు, చుట్టూ పోలీసులు. అంతలోనే ఇంకో ఆలోచన. కాదు, నిజంగానే ఎవడో తుపాకీతో లోపలికొచ్చాడు. ఈ రెండింట్లో ఏది కావాలని దేవుణ్ణి అడగాలో నాకు తెలియలేదు. ఏ తల్లికైనా వస్తుందా అట్లాంటి బేరం? నా పిల్లని పోలీసులు పట్టుకున్నారంటే చాలు స్వామీ అని దణ్ణం పెట్టుకున్నాను."

పళ్ళెం మళ్ళీ దగ్గరికి లాక్కుని ఒక కాయ తీసుకుంది.

"వరండాలో బూట్ల చప్పుడు. ఒక్కో తలుపు దగ్గరా ఆగి హ్యాండిల్ కదిపి చూస్తున్నారు. మా తలుపు హ్యాండిల్ కూడా కిందికి, పైకి ఆడింది. ఒక చిన్నపిల్ల నా ఏప్రాన్‌లో మొహం దాచుకుంది. నా ఒళ్ళంతా బంగాళాదుంపల వేపుడు వాసన. ఆ వాసనకి ఎవడైనా కనిపెట్టేస్తాడేమో అనుకున్నాను. అంత పిచ్చిగా ఉంటుంది బుర్ర. మైత్రి ఇన్నాళ్ళూ చెప్పింది ఇదా అని అప్పుడు తెలిసింది. నేను రోజూ అదే బళ్ళో ఉండి, వంటింట్లో సామాన్లు లెక్కచూసుకుంటూ, దాని భయం ఏంటో చూడనేలేదు."

హ్యాండిల్ కదిపింది బడి పోలీసాయన. తలుపులు సరిగ్గా బిగించారో లేదో చూడటం ఆయన పని. కాసేపటికి "ఆల్ క్లియర్" అన్నారు. లైట్లు వెలిగాయి. పిల్లలు ఏమీ జరగనట్టు రంగులు తీసుకున్నారట.

కనకదుర్గ లేచి, తాళాలు చేత్తో పట్టుకుని, తిన్నగా మూడో తరగతి గదికి వెళ్ళింది. మైత్రి దిండు ఎత్తుకుని పరిగెత్తుకుంటూ ఎదురొచ్చింది.

"దాని కళ్ళు మెరుస్తున్నాయి. 'అమ్మా, ఐ వాజ్ నాట్ స్కేర్డ్! నేను పట్టుకున్నా' అంది. 'ఏం పట్టుకున్నావే?' అంటే గలీబు మూల చూపించింది. గుడ్డ పైనుంచి పట్టుకుందట. నా పై ప్రాణాలు పైనే పోయాయి. సర్లే, గుడ్డలోనే ఉంది కదా అని దిండు చేతిలోకి తీసుకున్నాను. టీచర్‌తో 'గలీబు మాసింది, మార్చి తెస్తాను' అన్నాను. ఆవిడ 'ష్యూర్, మిస్ దుర్గా' అంది. అంతే! నాలుగు అడుగులేస్తే వెనక తలుపు, అవతల నా కారు. అంతా అయిపోయేదే. అప్పుడు మైత్రి నా ఏప్రాన్ పట్టుకుని లాగి, 'అవని ఏడ్చింది అమ్మా, దానికి కూడా కాసేపు ఇచ్చా' అంది."

అవని మైత్రి క్లాసే. వాళ్ళమ్మ వసుమతి మా అందరికీ తెలుసు. వాళ్ళది మా వెనక వీధి.

"ఇంక ఎక్కడ దాచను? సాయంత్రం అవని ఇంటికెళ్ళి చెప్తుంది. అది ఒకటి. ఇంకోటి... చీకట్లో, భయంతో బిగబట్టుకున్న రెండు చిన్న పిడికిళ్ళ మధ్య నా చాకు ఉంది. పాత చాకు. స్ప్రింగ్ వదులు. అది గుడ్డలో తెరుచుకుని ఉంటే? నేను ఆఫీసుకి మంచితనంతో వెళ్ళాననుకోకు ఉజ్వలా. వేరే దారి లేక వెళ్ళాను. భయపడి వెళ్ళాను."

అసిస్టెంట్ ప్రిన్సిపాల్ మిసెస్ హాలోవే గదిలో దిండు బల్లమీద పెట్టి, "దీన్లో చాకుంది, నేనే పెట్టాను" అందట. పోలీసాయన గ్లోవ్స్ వేసుకుని కుట్లు విప్పాడు. చాకు కాగితం మీద పెడితే ఇంతే ఉంది. గలీబులో కుట్టిన జేబుని మాత్రం ఆయన తిప్పి తిప్పి చూశాడు.

"ఆ జేబే నా కొంప ముంచేట్టుంది. ఎంత సన్నగా కుట్టాను! ఆయన 'చాలా జాగ్రత్తగా దాచారు' అన్నాడు. ఇనుము, జడుపు, మా అమ్మ... నాకొచ్చిన ఇంగ్లీషులో ఏదో చెప్పాను. రోజూ పిల్లలతో గలగలా మాట్లాడే దాన్ని, ఒక్క వాక్యం సరిగ్గా రాలేదు. తర్వాత మైత్రిని పిలిపించారు."

కనకదుర్గ గొంతు తగ్గింది. ఇంట్లో మేమిద్దరమే ఉన్నా.

"హాలోవే దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, 'నీ దిండులో ఏముందో నీకు తెలుసా?' అంది. 'తెలుసు' అంది ఇది. 'దేనికి తెచ్చావు?' అంది. చూడు, అంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. తెలీక తెచ్చానంటే పొరపాటు. బ్యాడ్ మ్యాన్ వస్తాడని తెచ్చానంటే ఆయుధం. నాకు తెలుగులో ఒక్క మాట చాలు. 'తెలీదని చెప్పమ్మా' అంటే ఆ గదిలో ఎవరికీ అర్థం కాదు. అన్నాను. 'మైత్రీ, తె...' అన్నాను. పోలీసాయన నావైపు తిరిగాడు. పిల్ల నన్ను చూసి 'అమ్మా, వెయిట్' అంది."

"తర్వాత?"

"తర్వాతేముంది. నేను చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పింది. 'ఇది బ్యాడ్ మ్యాన్ కోసం కాదు. ఇది డ్రీమ్స్ కోసం. ఓపెన్ చేస్తే పనిచెయ్యదు, అందుకని అమ్మ కుట్టేసింది. అవని ఏడుస్తుంటే షేర్ చేశాను' అంది. హాలోవే దానివైపు వంగింది. 'బడిలో నీకు భయమేస్తుందా?' అంది. 'లైట్స్ ఆఫ్ చేస్తేనే' అంది."

పిల్లని క్లాసుకి పంపేశాక హాలోవే చెప్పిందట. తను టీచర్‌గా చేరిన కొత్తలో అయితే ఇట్లా అడిగే వీల్లేదని. ఏం దొరికింది అని చూడటమే, ఎందుకు తెచ్చావనే మాట లేదని. ఇప్పుడు అడగమంటున్నారు, అడిగాను, అడిగినందుకు మంచిదయింది అందట. బడి కమిటీ కూర్చుంది. మైత్రిని ఆ వారం మిగతా రోజులు ఇంట్లో ఉంచమన్నారు. బడినుంచి తీసెయ్యలేదు. కౌన్సెలర్ కూడా దొరికింది. లైన్లో ముందుకు జరిపారు.

"హర్షకి ఫోన్ చేసి ఏడిస్తే వాడు నవ్వాడు. 'మామ్, నాది ఫోమ్ గద. నన్ను ఇంటికి పంపారు. చెల్లి రియల్ నైఫ్ తీసుకెళ్ళి కౌన్సెలర్‌ని తెచ్చుకుంది. నాట్ ఫెయిర్!' అన్నాడు. వాళ్ళ నాన్న మాత్రం నవ్వలేదు. లాయర్‌తో మాట్లాడేదాకా అన్నం తినలేదు మనిషి. 'దోసెల పెనం పెట్టినా పోయేది కదే' అని ఇప్పటికీ అంటాడు."

"మరి నీ ఉద్యోగం?"

"పిల్లల్నయితే ఎందుకని అడుగుతారమ్మా. పెద్దవాళ్ళని అడగరు. నేను అక్కడ పనిచేసే మనిషిని. పనిచేసే మనిషి చాకు లోపలికొస్తే, తను తెచ్చినా పిల్ల తెచ్చినా, ఒకటే మాట. బ్యాడ్జి బల్లమీద పెట్టించుకున్నారు. హాలోవే కళ్ళెత్తి చూడలేకపోయింది. డార్లీన్ కారుదాకా వచ్చి, 'నేను వినలేదు హనీ, ఏమీ వినలేదు' అని వాటేసుకుంది."

కేసు పెట్టలేదు. చాకు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

ఆ సాయంత్రం బడినుంచి తల్లిదండ్రులందరికీ కబురు వెళ్ళింది. నిషిద్ధ వస్తువు దొరికింది, ఎవరికీ ప్రమాదం లేదు అని. అది నాకూ వచ్చింది. మన వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ రోజు ఎంత గొడవ జరిగిందో నేనూ చూశాను. అలాంటి పిల్లల్ని వెంటనే తీసెయ్యాలి, జీరో టాలరెన్స్ మళ్ళీ రావాలి, ఆ పేరెంట్స్‌కి బుద్ధుందా అని. ఎవరి పిల్లో ఎవరికీ తెలీదు. కనకదుర్గ ఆ గ్రూపులోనే ఉంది.

"అన్నీ చదివాను," అంది. "వాళ్ళని తప్పుపట్టను. ఇంకొకళ్ళ పిల్ల సంచిలో దొరికితే నేనైనా అదే అనేదాన్ని. మన పిల్లయితే పొరపాటు, పక్కవాళ్ళ పిల్లయితే ఆయుధం. భయం అట్లాంటిది. ఒక్క వసుమతి ఏమీ రాయలేదు. పాపం, మన పేరు బయటపెట్టలేదు. కానీ అవనిని ఆడుకోడానికి పంపడం మానేసింది. మొన్న స్టోర్‌లో కనపడి, కరివేపాకు కట్టలు ఏరుకుంటున్నట్టు నటించింది. అదీ భయమేగా. ఎట్లా కాదంటాను?"

"మైత్రి ఎట్లా ఉంది?"

"దిండు మార్చాను. ఇనుము లేదు. 'అమ్మా, ఇప్పుడేం పట్టుకోవాలి?' అని అడుగుతుంది. 'ఏమీ పట్టుకోకూడదు తల్లీ' అంటాను. మళ్ళీ నీళ్ళసీసా నిండుగా వస్తోంది ఉజ్వలా."

కిటికీలోంచి వీధి మలుపు కనపడుతుంది. పసుపుపచ్చ బస్సు ఇంకా రాలేదు. కనకదుర్గ తుంచిన కాయల పళ్ళెం ఎత్తి సింకు దగ్గర పెట్టి, చేతులు కడుక్కుని, వాటిని చీరకొంగుకి కాకుండా, అలవాటు ప్రకారం లేని ఏప్రాన్‌కి తుడుచుకోబోయి ఆగింది.

"వచ్చేవారం డ్రిల్ ఉందని మెయిల్ వచ్చింది. ఏ రోజో చెప్పలేదు. ఇదివరకు ఎట్లాగో అట్లాగ అదే కప్పు కింద ఉండేదాన్ని. ఇప్పుడు గేటు దాటి లోపలికి వెళ్ళాలంటే ఆఫీసులో చేతులు కట్టుకుని నిలబడాలి. మైత్రి క్లాసులో టీచర్‌కి సాయంగా ఉండే అమ్మాయి కాన్పుకి వెళ్తోందట. ఆ చోటికి సబ్‌స్టిట్యూట్ కావాలని మీ యాప్‌లో పడిందని డార్లీన్ చెప్పింది. నిజమేనా?"

పొద్దున్నే చూశాను. నిజమే.

బస్సు మలుపు తిరిగింది. కనకదుర్గ నా చెప్పులు వెనక గుమ్మం వైపు జరిపింది. "పిల్ల నిన్ను ఇక్కడ చూడకూడదు. చూస్తే నేను పంపానని కనిపెట్టేస్తుంది. వెళ్ళు, ఆ వారమంతా నువ్వే తీసుకో. లైట్లార్పగానే వెళ్ళి దాని పక్కన కూర్చో. ఏమీ చెప్పొద్దు, నీ చెయ్యి ఇవ్వు, పట్టుకుంటుంది."

నేను గడప దాటాక మళ్ళీ పిలిచింది. ఇందాకటినుంచి కాయలు తుంచుతుంటే చప్పుడవుతున్న నా చేతులవైపు చూస్తూ అంది.

"ఆ గాజులు మాత్రం తీసేసి వెళ్ళమ్మా. చీకట్లో వినపడతాయి."